ఏబీఎస్ కంట్రోలర్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా? బండి ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: అన్నగారూ నమస్తే. మాది నరసన్నపేట, టెక్కలి దగ్గర స్కూల్లో పనిచేస్తన్నాను, రోజూ హైవే మీద కార్లోనే వెళ్ళొస్తాను. కారు కొని తొమ్మిదేళ్ళు దాటింది, 1,10,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల్నుంచి డ్యాష్‌బోర్డు మీద పసుపు రంగు ఏబీఎస్ లైటు వస్తంది. పొద్దున్న స్టార్ట్ చేసినప్పుడు ఏటీ ఉండదు, అరగంట నడిపేక వెలుగుతాది, రాత్రంతా బండి ఆగితే మళ్ళీ పోతాది. సర్వీస్ సెంటర్లో స్కానర్ పెట్టి చూసి ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలి, 46 వేలు అవుతాది అన్నారు. కోడ్ ఏటని అడిగితే వాల్వ్ రిలే సర్క్యూట్ అని కాయితం మీద రాసిచ్చేరు. ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్లు, ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు నేనే మార్చుకుంటాను, పానాల సెట్టు, మల్టీమీటరు ఉన్నాయి. ఆ యూనిట్‌కి ఒక పక్క నల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంటాది కదా, అదొక్కటే విప్పి వేరేది పెట్టుకోవచ్చని మా బావమరిది అంటన్నాడు. నిజమేనా? ఇంటి దగ్గర అయ్యే పనేనా? లైటు వెలిగి ఉండగా బండి నడపొచ్చా? పిల్లలు కూడా ఎక్కే బండి, అందుకే అడుగుతన్నాను.

జవాబు: మాస్టారూ, మీ బావమరిది చెప్పింది నిజమే, కాకపోతే సగమే చెప్పేడు. మిగతా సగం తెలీకుండా పానా పడితే బ్రేకులకే ముప్పు, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తన్నా, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఆఖరి ప్రశ్న. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రం బిగిసిపోకుండా చూసే ఏర్పాటు. పసుపు ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మీ మామూలు బ్రేకులు పనిచేస్తన్నట్టే, పెడల్ తొక్కితే నాలుగు చక్రాలకీ ఆయిల్ ప్రెషర్ వెళ్తాది, బండి ఆగుతాది. కాకపోతే వానలోనో, రోడ్డు మీద ఇసక పడి ఉన్నచోటో గట్టిగా తొక్కితే చక్రం బిగిసిపోయి జారొచ్చు, ఏబీఎస్ లేని పాత బండిలాగ. దూరం పెట్టుకుని నెమ్మదిగా నడపొచ్చు. కానీ పసుపు లైటుతో పాటు ఎర్ర బ్రేక్ లైటు కూడా వెలిగిందంటే అక్కడే పక్కకి ఆపండి. అది బ్రేక్ ఆయిల్ తగ్గిపోయిందనైనా చెప్తాది, లేదా ముందు చక్రాలకి ఎంత వెనక చక్రాలకి ఎంత అని ప్రెషర్ పంచే ఈబీడీ కూడా ఆగిపోయిందనైనా చెప్తాది. ఈబీడీ లేకపోతే గట్టి బ్రేకుకి వెనక చక్రాలు ముందు బిగిసి బండి అడ్డం తిరిగే ప్రమాదం ఉంది. రెండు లైట్లూ వెలిగిన బండిని టెక్కలి దాకా తీసుకెళ్ళొద్దు, పిల్లలుంటే అసలు వద్దు.

ఇప్పుడు ఆ యూనిట్ సంగతి. బానెట్ ఎత్తితే సన్న ఇనప పైపులు గుంపుగా వచ్చి దిగే దిమ్మ ఒకటి కనిపిస్తాది, మామూలుగా ఆరు పైపులు, బ్రేక్ పెడల్ తోసే మాస్టర్ సిలిండర్ నుంచి వచ్చేవి రెండు, చక్రాలకి వెళ్ళేవి నాలుగు. అది చూడ్డానికి ఒకటే ముద్దలా ఉంటాది గానీ మూడు ముక్కలు కలిపి బిగించింది. మధ్యలో అల్యూమినియం దిమ్మ, వాల్వులు అందులోనే ఉంటాయి. ఒక పక్క గుండ్రటి డబ్బాలా మోటారు. రెండో పక్క మీరు చెప్పిన నల్ల ప్లాస్టిక్ డబ్బా, కంట్రోలర్ అంటే అదే, మేం షెడ్డులో ఈసీయూ అంటాం. నాలుగు చక్రాల దగ్గర సెన్సార్లు ఏ చక్రం ఎంత స్పీడులో తిరుగుతందో దీనికి చెప్తానే ఉంటాయి. బ్రేకు తొక్కినప్పుడు ఒక చక్రం మిగతా మూడింటి కంటే గబుక్కున తగ్గిపోయి బిగిసిపోబోతందని తెలిస్తే ఆ చక్రానికి ఆయిల్ వెళ్ళే వాల్వు మూస్తాది, బయటికి వదిలే వాల్వు తెరుస్తాది, మోటారు ఆ ఆయిల్‌ని వెనక్కి తోస్తాది, చక్రం తిరగ్గానే మళ్ళీ ప్రెషర్ ఇస్తాది, ఇదంతా సెకనులో ఎన్నోసార్లు. ఒక్క ఏబీఎస్ మాత్రమే ఉన్న బండిలో చక్రానికి రెండు చొప్పున ఎనిమిది వాల్వులు, మలుపుల్లో బండి జారిపోకుండా చూసే ఈఎస్‌పీ కూడా ఉంటే పన్నెండు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఒకటుంది. వాల్వుల తలకాయలు అల్యూమినియం దిమ్మ మీద బొడిపెల్లాగ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని లాగే కరెంటు కాయిల్స్ మాత్రం ప్లాస్టిక్ డబ్బాలో ఉంటాయి. డబ్బాని దిమ్మకి తొడిగితే ఒక్కో బొడిపె ఒక్కో కాయిల్‌లో దూరుతాది, అంతే, రెండింటికీ మధ్య ఆయిల్ లేదు. అందుకనే కొన్ని మోడల్స్‌లో పైపు ఒక్కటి కూడా విప్పకుండా, ఒక్క చుక్క ఆయిల్ కారకుండా డబ్బా మాత్రం తీసేయొచ్చు. అన్ని మోడల్స్‌లో కాదు. కొన్నిట్లో స్క్రూలు దిమ్మ వెనక పక్క ఉండి యూనిట్ దించితే గానీ అందవు, కొన్ని కంపెనీలు విడిగా అమ్మవు, మొత్తం అసెంబ్లీగానే ఇస్తాయి. సర్వీస్ సెంటర్ వాళ్ళు 46 వేలు చెప్పింది అందుకే అయ్యుంటాది, మిమ్మల్ని మోసం చేస్తన్నారని అప్పుడే అనుకోవద్దు.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కేక లైటు రావడం, కోడ్ వాల్వ్ రిలే అని, అంటే వాల్వులకి కరెంటు కలిపే స్విచ్చు అని రావడం, ఈ రెండూ కలిస్తే నా చెయ్యి కూడా ముందు ఆ డబ్బా మీదకే పోతాది. తొమ్మిదేళ్ళ ఇంజిన్ వేడికి, మన రోడ్ల అదురుకి లోపల టంకాలు సన్నగా చిట్లుతాయి, వేడికి ఆ చీలిక విడిపోతాది, చల్లారితే మళ్ళీ అతుక్కుంటాది. కానీ మాస్టారూ, బయట వైరింగ్‌లో లూజు కనెక్షన్ ఉన్నా అచ్చం ఇలాగే చేస్తాది. ఇది నేను కష్టపడి నేర్చుకున్న పాఠం. హుద్‌హుద్ తుఫాను 2014 అక్టోబర్లో వచ్చింది కదా, ఆ మరుసటి ఏడాది భోగాపురం వైపు నుంచి ఒకాయన ఇదే కంప్లైంట్‌తో వచ్చేరు, నేను కోడ్ చూసి కంట్రోలర్ పోయిందని చెప్పేసి మార్పించేను. నాలుగు రోజులకి లైటు మళ్ళీ వచ్చింది. తీరా చూస్తే బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంది. బోల్టు విప్పి సాండ్ పేపర్ పెట్టి గీకి బిగిస్తే సరిపోయింది. ఆయన డబ్బులు ఆయనకి తిరిగిచ్చేను, అయినా ఆ రోజు ఆయన ముఖం చూడ్డానికి నాకు చాలా కష్టమైంది. అప్పట్నుంచి కరెంటు లైను, ఎర్త్ లైను రెండూ చూడకుండా ఏ కంట్రోలర్‌నీ దోషి అన్లేదు. మీరు కూడా ముందు అదే చెయ్యండి, ఖర్చు లేదు, ఒక ఆదివారం పొద్దున్న చాలు.

బ్యాటరీతో మొదలెట్టండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైన తర్వాత 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, ఇంజిన్ నడుస్తంటే 13.8 నుంచి 14.5 మధ్య. తగ్గితే ముందు బ్యాటరీ, ఆల్టర్నేటర్ సంగతి తేల్చుకోండి, వోల్టేజ్ తక్కువైతే ఏబీఎస్ తనంతట తనే ఆగిపోయి లైటు వేస్తాది. తర్వాత ఫ్యూజులు. చాలా బళ్ళలో ఏబీఎస్‌కి బానెట్ కింద పెద్ద ఫ్యూజులు రెండు, ఒకటి మోటారుకి ఒకటి వాల్వులకి, కీ తిప్పితే కరెంటు వచ్చే చిన్న ఫ్యూజు ఇంకోటి ఉంటాయి. బయటికి తీసి చూడండి, కాలకపోయినా కాళ్ళు నల్లబడి ఉంటే ఆ సాకెట్ వదులైనట్టు.

తర్వాత అసలు పరీక్ష, దీనికి పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి చాలు. కీ ఆపి, బ్యాటరీ నెగెటివ్ తీసి, కంట్రోలర్ పెద్ద కనెక్టర్ ఊడదియ్యండి. దానికి లాగే లివర్ లాక్ ఉంటాది, అది పూర్తిగా వెనక్కి వస్తేనే కనెక్టర్ వస్తాది, స్క్రూడ్రైవర్ పెట్టి పెకలించొద్దు. ఊడేక ముందు లోపల చూడండి. పిన్నుల మీద పచ్చదనం ఉందా, తడి ఉందా. ఆ తడి నీళ్ళు కాక బ్రేక్ ఆయిల్ అయితే, అంటే వేలికి జారుడుగా తగిలితే, దిమ్మ లోపల్నుంచి కారుతందని అర్థం, ఇక డబ్బా ఒక్కటి మార్చి లాభం లేదు, ఇంటి పని అక్కడితో ఆపెయ్యండి. బాగుంటే బ్యాటరీ మళ్ళీ తగిలించి, కనెక్టర్లో లావు వైర్లు ఉంటాయి చూడండి, ప్లస్సువి రెండు, ఎర్త్‌వి ఒకటో రెండో, మీ బండి వైరింగ్ బొమ్మ చూసి ఏది ఏదో ఖాయం చేసుకుని ఒక ప్లస్సుకీ ఎర్త్‌కీ మధ్య ఆ బల్బు వెలిగించండి. బ్యాటరీకి డైరెక్టుగా పెడితే ఎంత తెల్లగా వెలుగుతాదో ఇక్కడా అంతే వెలగాలి. మీటర్ ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎందుకంటే వంద పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తాది, బల్బు మాత్రం గుడ్డిగా వెలుగుతాది. బల్బు వెలుగుతండగా బ్యాటరీ నెగెటివ్‌కీ ఎర్త్ పిన్నుకీ మధ్య మీటర్ పెట్టండి, 0.2 వోల్టుల కంటే ఎక్కువొస్తే ఎర్త్ దారిలో చిలుము ఉన్నట్టే. ప్లస్సు వైపు కూడా అలాగే చూడండి. పిన్నుల్లోకి లావు సూదులు దూర్చొద్దు, పిన్ను నోరు తెరుచుకుపోతే అది కొత్త రోగం. సన్న వైర్లకి బల్బు అస్సలు పెట్టొద్దు, అవి సెన్సార్లవి, కాలిపోతాయి.

కోడ్ సంగతి కూడా ఒక మాట. ఆన్‌లైన్లో వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ కోడ్లే చదువుతాయి, ఏబీఎస్ లోపలికి వెళ్ళవు. ఏబీఎస్ చదవగలిగే స్కానర్ ఉన్న ఎలక్ట్రీషియన్ దగ్గర, లైటు వెలిగి ఉన్నప్పుడే, ఇంకోసారి చదివించండి. మీకు చక్రం సెన్సార్ కోడ్ వచ్చుంటే నేను కంట్రోలర్ ఊసే ఎత్తేవాణ్ణి కాదు, వైరు ఎలక కొరికిందా, మట్టి పట్టిందా, బేరింగ్ మార్చినప్పుడు అయస్కాంతం ఉన్న వైపు తిరగేసి బిగించేరా అని చూడమనేవాణ్ణి. ఈ ఆఖరిది చాలా మంది చూడరు, చాలా కొత్త బళ్ళలో సెన్సార్ చదివే రింగు బేరింగ్ సీలులోనే ఉంటాది, పైకి మామూలు రబ్బరు సీలులాగే కనిపిస్తాది.

ఇవన్నీ బాగుండి, ఇంజిన్ వేడిగా ఉండి లైటు వచ్చినప్పుడు కూడా బల్బు తెల్లగానే వెలిగిందంటే అప్పుడు డబ్బాదే తప్పు అనుకోవచ్చు. ఇక దారులు మూడు. కొత్తది కొనడం, స్క్రాప్‌లోది తేవడం, మీదే రిపేరుకి పంపడం. నా ఓటు మూడోదానికి. ఈ డబ్బాలే విప్పి లోపల టంకాలు, రిలేలు బాగు చేసేవాళ్ళు పెద్ద ఊళ్ళలో ఉన్నారు, కొరియర్లో పంపితే చేసి పంపుతారు. లాభం ఏటంటే మీ బండి నంబరు, మీ బండి సెట్టింగులు ఆ డబ్బాలోనే ఉంటాయి కాబట్టి తిరిగొచ్చేక తొడిగితే చాలు, మామూలుగా మళ్ళీ కోడింగ్ అక్కర్లేదు. పంపే ముందు గ్యారంటీ రాయించుకోండి, ఎన్ని రోజులు పడతాదో కనుక్కోండి. ఆ డబ్బా మూత మీరే కోసి ఇంట్లో టంకం పెడదామని మాత్రం చూడొద్దు, చాలా వాటిలో వెంట్రుకంత సన్న అల్యూమినియం తీగలు జెల్లీలో మునిగి ఉంటాయి, మామూలు సాల్డరింగ్ ఐరన్‌కి అవి అతకవు, తగిల్తే తెగుతాయి.

కొత్తది కొంటే కోడింగ్ చెయ్యాలి, అంటే ఇది ఫలానా బండి, టైర్ సైజు ఇంత, ఈఎస్‌పీ ఉందో లేదో అని స్కానర్‌తో దానికి నేర్పాలి. చేసేవాడు దొరికేడా లేదా అన్నది కొనక ముందు చూసుకోండి, కొన్నాక కాదు.

సరే, విప్పడం. బండి చదునైన చోట పెట్టి చక్రాలకి రాళ్ళు అడ్డం వెయ్యండి, కీ తీసి ఇంట్లో పెట్టెయ్యండి, బ్యాటరీ నెగెటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. యూనిట్ చుట్టూ ఉన్న మట్టి, నూనె జిడ్డు అంతా బ్రష్షుతో, గుడ్డతో తుడిచి, సైకిల్ పంపుతోనైనా సరే గాలి కొట్టండి. ఈ తుడవడం దగ్గర బద్ధకించొద్దు మాస్టారూ, డబ్బా తీసేక రాలే ఒక్క ఇసక రేణువు వాల్వు బొడిపెకీ కాయిల్‌కీ మధ్య ఇరుక్కుంటే డబ్బా సరిగ్గా కూర్చోదు. నాలుగు వైపుల్నుంచీ ఫోన్లో ఫోటోలు తీసుకోండి. కనెక్టర్ తియ్యండి. కొన్ని బళ్ళలో మోటారు నుంచి డబ్బాకి బయట్నుంచి చిన్న వైరు వస్తాది, అదీ తియ్యండి, కొన్నిట్లో మోటారు పిన్నులు దిమ్మ లోపల్నుంచే వచ్చి డబ్బాలో దిగుతాయి, వాటికి వేరే వైరు ఉండదు. స్క్రూలు మామూలుగా స్టార్ బిట్‌వి, చిన్నవి, నాలుగో ఆరో. సరైన సైజు బిట్ పూర్తిగా దిగిందాకా నొక్కి తిప్పండి, తల అరిగిపోయిందంటే పైపులన్నీ విప్పాల్సిందే, చిన్న పని పెద్ద ఖర్చు పని అయిపోతాది. చోటు ఇరుకు, కాబట్టి పొట్టి డ్రైవర్ తెచ్చుకోండి. స్క్రూలన్నీ తీసేక డబ్బాని రెండు చేతుల్తో పట్టుకుని తిన్నగా బయటికి లాగండి, ఇటూ అటూ ఊపొద్దు, తిప్పొద్దు, బొడిపెలు వంగితే దిమ్మ పోయినట్టే. ఏ పైపు నట్టు మీదా పానా పెట్టొద్దు, ఒక్క పావు చుట్టు కూడా తిప్పొద్దు.

డబ్బా తీసేక, పంపే ముందు ఇంకొక పని, చాలామంది వదిలేసేది ఇదే. మోటారు పిన్నులకి ఫ్యూజు ఉన్న వైరుతో బ్యాటరీ నుంచి ఒక్క సెకను కరెంటు ఇవ్వండి, ప్లస్సు మైనస్సు చూసుకుని. బుర్రుమని తిరగాలి. తిరక్కపోయినా, మూలిగినట్టు తిరిగినా మోటారు బిగిసిపోయిందన్నమాట, బిగిసిన మోటారు లాగే కరెంటుకే మీ డబ్బా పాడయ్యుండొచ్చు, అలా ఉంటే బాగుచేసి తెచ్చిన డబ్బా కూడా పోతాది. తిరిగితే దిమ్మ మొహం మీద శుభ్రమైన పాలిథిన్ కవర్ చుట్టి టేపు వేసెయ్యండి. డబ్బా తిరిగొచ్చేదాకా బండి కదపొద్దు, ఈబీడీ లేని బండి అది. ఆ పది పదిహేను రోజులూ బస్సే, తప్పదు. బండి తప్పనిసరిగా కావాల్సిన రోజులుంటే వేసవి సెలవుల దాకా ఆగి అప్పుడు మొదలెట్టండి, అప్పటిదాకా పసుపు లైటు ఒక్కటే అయితే జాగ్రత్తగా నడపండి.

తిరిగి బిగించడం విప్పినంత కష్టం కాదు. చుట్టూ ఉండే రబ్బరు ప్యాకింగ్ కొత్తది వస్తే కొత్తది వెయ్యండి, సిలికాన్ పేస్టు పుయ్యొద్దు, ఆ దళసరికి డబ్బా ఎత్తుగా కూర్చుంటాది. పిన్నులు వేళ్ళతో ముట్టుకోకుండా, ముందు ఒంటి మీద కరెంటు పోవడానికి బాడీ ఇనుము ఒకసారి తాకి, డబ్బాని తిన్నగా తొడగండి. దానంతట అది చివరిదాకా కూర్చోవాలి, స్క్రూలతో లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు. స్క్రూలన్నీ వేలితో తిప్పి, తర్వాత ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి, మణికట్టు బలం చాలు. బ్యాటరీ తగిలించి కీ తిప్పితే ఏబీఎస్ లైటు రెండు మూడు సెకన్లు వెలిగి ఆరిపోవాలి. పాత కోడ్లు స్కానర్‌తో తుడిపించండి. బండి కదిలించే ముందు పెడల్ నాలుగుసార్లు తొక్కి చూడండి, ఎప్పటిలా గట్టిగా ఉండాలి, పైపులు ముట్టుకోలేదు కాబట్టి ఉంటాది. 15, 20 స్పీడు దాటగానే చాలా బళ్ళలో బానెట్ లోంచి ఒక్కసారి గర్రుమని చిన్న చప్పుడొస్తాది, మోటారు తనని తాను పరీక్షించుకోవడం అది. తర్వాత మనుషులూ బళ్ళూ లేని మట్టి రోడ్డు మీద ఒక్కరే కూర్చుని 30 స్పీడులో బ్రేకు గట్టిగా తొక్కండి, పెడల్ కాలి కింద టకటకా కొట్టుకుని బండి తిన్నగా ఆగాలి. అరగంట వేడెక్కేదాకా నడిపి ఇంకోసారి చెయ్యండి, మీ రోగం వేడికే కదా వచ్చేది. అదయ్యేకే పిల్లల్ని ఎక్కించండి.

ఇక బావమరిది చెప్పని సగం. మీ మోడల్లో డబ్బా విడిగా రాకపోయినా, దిమ్మ కారుతన్నా, మోటారు బిగిసినా మొత్తం యూనిట్ దింపాలి, పైపులు ఆరూ విప్పాలి. అది ఇంటి దగ్గర వద్దు. తుప్పు పట్టిన నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరిగి తెగుతాది, ఒక పైపు ఇంకో చోట బిగిస్తే కంట్రోలర్ ఒక చక్రం జారుతందని ఇంకో చక్రానికి బ్రేకు వదిలేస్తాది, అన్నిటికంటే పెద్దది గాలి. దిమ్మ లోపల మూసి ఉండే వాల్వుల వెనక ఇరుక్కున్న గాలి చక్రాల దగ్గర బ్లీడింగ్ చేస్తే, అంటే ఆయిల్‌తో పాటు గాలి బయటికి వదిలితే, రాదు, చాలా బళ్ళలో స్కానర్‌తో ఆ వాల్వులు, మోటారు ఆడిస్తూ బ్లీడ్ చెయ్యాలి. షెడ్డులో ఆగి ఉన్నప్పుడు పెడల్ బాగానే ఉన్నట్టుంటాది, రోడ్డు మీద ఏబీఎస్ ఒక్కసారి పనిచేసేక ఆ గాలి బయటికొచ్చి పెడల్ కిందకి దిగిపోవచ్చు. ఆ పని మాత్రం పరికరాలు ఉన్నచోట చేయించుకోండి మాస్టారూ, 46 వేలు పెద్ద మొత్తమే, నాకు తెలుసు, కానీ ఆ గాలి సంగతి ఇంటి దగ్గర తేలేది కాదు.

ప్రశ్న: రాజాం నుంచి రాస్తన్నా గురూగారూ. స్క్రాప్ షాపులో మా మోడల్ బండిదే ఏబీఎస్ యూనిట్ 6 వేలకి దొరికింది, చూడ్డానికి ఒకేలా ఉంది. వేసెయ్యొచ్చా?

జవాబు: చూడ్డానికి ఒకేలా ఉంటే చాలదు తమ్ముడూ. స్టిక్కర్ మీద పార్ట్ నంబరు మొదట్నుంచి ఆఖరి అక్షరం దాకా కలవాలి, ఒకే మోడల్లో పెట్రోలుకీ డీజిల్‌కీ, డిస్కుకీ డ్రమ్ముకీ, ఈఎస్‌పీ ఉన్నదానికీ లేనిదానికీ తేడా ఉంటాది. నంబరు కలిసినా అందులో వేరే బండి వివరాలు ఉంటాయి, లైటు ఆరకపోవచ్చు, కోడింగ్ చేయించాలి. నీళ్ళలో మునిగిన బండిదేమో అడుగు, నిజం చెప్పరు గానీ కనెక్టర్ పిన్నులు చెప్తాయి. పైపుల రంధ్రాలకి మూతలు లేకుండా ఎండలో దుమ్ములో పడి ఉన్న దిమ్మ అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు. దాని ప్లాస్టిక్ డబ్బా మాత్రం, నంబరు కలిస్తే, తిరిగిచ్చే షరతు మీద తెచ్చి చూడొచ్చు.

ప్రశ్న: మాది సోంపేట దగ్గర బారువ. ఏబీఎస్ లైటు వస్తంటే మెకానిక్ ఫ్యూజు పీకేసి, మీటర్లో బల్బు కూడా తీసేస్తా, ఇక ఏ గొడవా ఉండదంటన్నాడు. పాత బళ్ళకి ఏబీఎస్సే లేదు కదా అని కూడా అంటన్నాడు.

జవాబు: అమ్మా, వద్దు. పాత బళ్ళకి ఏబీఎస్ లేదు, నిజమే, కానీ వాటిలో చాలా వాటికి వెనక చక్రాల ప్రెషర్ తగ్గించే వాల్వు విడిగా ఉండేది. ఇప్పటి బళ్ళలో ఆ వాల్వు తీసేసి ఆ పని కూడా ఏబీఎస్ కంట్రోలర్‌కే అప్పజెప్పేరు. ఫ్యూజు పీకితే అది కూడా పోతాది. బల్బు తీసేస్తే రేపు నిజంగా ప్రమాదం ఉన్నా మీకు తెలీదు, బండి ఇంకొకరికి అమ్మితే వాళ్ళకీ తెలీదు. మీది సముద్రం ఒడ్డు కాబట్టి ముందు చక్రాల దగ్గర సెన్సార్ కనెక్టర్లు, ఎర్త్ బోల్టులు విప్పి చిలుము చూడమనండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసేరు, అంటే ఆ తర్వాత వచ్చిన కొత్త కార్లన్నిటికీ ఇది ఉంటాది, బల్బు పీకే మెకానిక్ దగ్గరకి వెళ్ళకండి.

ప్రశ్న: అన్నా, సాలూరు ఘాటీ దిగుతంటే వానలో బ్రేకు గట్టిగా తొక్కేను, పెడల్ కాలి కింద తన్నినట్టయింది, గరగరమని చప్పుడు. భయమేసి కాలు తీసేసేను. ఏబీఎస్ పాడయిందా? లైటేం వెలగలేదు.

జవాబు: పాడవ్వలేదు తమ్ముడూ, పనిచేసింది. ఆ తన్నడం వాల్వులు తెరుచుకోవడం మూసుకోవడం, ఆ గరగర మోటారుది. ఆ టైములో కాలు తియ్యకూడదు, పాత అలవాటు ప్రకారం తొక్కి వదిలి తొక్కి వదిలి చెయ్యకూడదు, గట్టిగా అలాగే తొక్కి పట్టి స్టీరింగ్ తిప్పుకోవాలి, ఏబీఎస్ పెట్టిందే బ్రేకు తొక్కుతా స్టీరింగ్ తిప్పుకోడానికి. ఘాటీ గురించి ఇంకో మాట. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటాది. డాట్ 4 ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని లెక్క, తేమ పట్టేక ఆ లెక్క 155కి పడిపోతాది. దిగుడంతా బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే ఆ వేడి రావడం పెద్ద కష్టం కాదు, ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తబడి కిందకి పోతాది, అప్పుడు ఏబీఎస్ ఏటీ చెయ్యలేదు. ఎక్కిన గేరులోనే దిగు, రెండేళ్ళకోసారి ఆయిల్ మార్పించు. సాలూరులో లారీ డ్రైవర్లకి కొదవ లేదు కదా, లోడు లారీ ఘాటీ ఎలా దింపుతారో ఎవర్నైనా అడుగు, నాకంటే బాగా చెప్తారు.